పెదవి దాకా రాని మాట

చేతిలో పట్టు తప్పుతోందని, పట్టుకున్న గొడ్డలి జారిపోతోందని గిద్దలూరు నుంచో కంభం నుంచో ఒక రైతు ఆస్పత్రికి వస్తే, ఈ ప్రాంతపు డాక్టరు ముందుగా అనుమానించేది నీళ్లను. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను మందం చేస్తాయి, వెన్నెముక లోపలి దారిని ఇరుకు చేస్తాయి, ఆ ఇరుకులో వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. ఈ జబ్బు మన దేశంలో ఉందని వైద్య లోకానికి చెప్పిన 1937 నాటి తొలి పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లాలోనే జరిగింది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద ఉండేవి. 1970లో ఇవన్నీ కలిసి కొత్త జిల్లా అయ్యాయి. జిల్లాలు మారాయి గానీ నీళ్లు మారలేదు.

కొందరి విషయంలో మాత్రం తప్పు నీళ్లదీ కాదు, మెడ ఎముకల అరుగుదలదీ కాదు. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగిపోతుంది. చర్మం కింద సన్నగా, ఆగి ఆగి అదురుతుంది. నాలుక చాపమంటే దాని మీదా అదే అదురు. గిచ్చితే నొప్పి తెలుస్తుంది, వేడీ చల్లనా తెలుస్తాయి, స్పర్శకు ఏ లోటూ ఉండదు. కొన్నాళ్లకు మాట ముద్దగా వస్తుంది. తాగొచ్చినావా అని ఇంట్లోవాళ్లే అడుగుతారు. ఒంగోలు, గుంటూరు, కర్నూలు తిరిగి, చివరికి హైదరాబాద్ నిమ్స్‌కో, మార్కాపురం రోడ్డు స్టేషన్లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు నిమ్‌హాన్స్‌కో చేరాక జబ్బు పేరు బయటపడుతుంది. మోటార్ న్యూరాన్ జబ్బు.

మెదడు పైపొర నుంచి వెన్నుపాముకు ఒక అంచె, వెన్నుపాము నుంచి కండరానికి ఇంకో అంచె. కదలమనే ఆజ్ఞను మోసే ఈ రెండంచెల నాడీకణాలూ ఒక్కొక్కటిగా చచ్చిపోవడమే ఈ జబ్బు. ఎక్కువగా కనిపించే రూపం ఏఎల్ఎస్. ఫ్రాన్సులో షార్కో అనే వైద్యుడు 1869లో దాన్ని వర్ణించాడు. మన దక్షిణాదికి సొంత రూపం ఒకటుంది. 1970లో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి అనే వైద్యులు రాసినదాన్ని బట్టి దానికి మద్రాస్ పేరే పడింది. చిన్న వయసులోనే మొదలవుతుంది, ముఖం, గొంతు బలహీనపడతాయి, చెవులు వినపడకుండా పోతాయి, కానీ నెమ్మదిగా నడుస్తుంది. ఏఎల్ఎస్‌కు అంత ఓపిక లేదు. చాలామందికి మొదలైన 2 నుంచి 5 ఏళ్లలో ఊపిరి తీసే కండరాల దాకా వెళుతుంది.

అది వదిలేసేవి కొన్ని ఉన్నాయి. కళ్లను తిప్పే కండరాలు చాలాకాలం నిలుస్తాయి. ఏఎల్ఎస్‌లో వినికిడి పోదు. చాలామందిలో ఆలోచన చెక్కుచెదరదు. పలకరించడానికి వచ్చిన చుట్టాలకు ఇది తెలియదు. మంచం పక్కనే నిలబడి ‘ఇంకెన్నాళ్లంటలే’ అని మాట్లాడుకుంటారు. మంచంలో ఉన్న మనిషి ప్రతి మాటా వింటూనే ఉంటాడు, బదులు చెప్పాలనే అనుకుంటాడు. ఆ బదులును మెదడు దగ్గరే అందుకోవాలన్న ప్రయత్నం కథ ఇది. మొదలైంది జర్మనీలో, ఒక గుర్రం కారణంగా.

1890లలో హాన్స్ బెర్గర్ అనే కుర్రాడు సైనిక శిక్షణలో గుర్రం మీంచి పడ్డాడు. వెనకనుంచి ఫిరంగి బండి వస్తోంది. చక్రం మీదికి రాబోయి ఆగింది. ఆ సాయంత్రమే ఇంటి నుంచి తంతి వచ్చింది, క్షేమమేనా అని. ఎక్కడో దూరాన ఉన్న అక్క మనసుకు తమ్ముడికేదో అయిందని తోచి, తండ్రి చేత తంతి కొట్టించిందట. మన ఊళ్లలో ఇలాంటివి ఇంటికొకటి చెబుతారు, చెప్పి మరిచిపోతారు. బెర్గర్ మరిచిపోలేదు. మెదడులోంచి ఏదో శక్తి బయటికి పోతోందని నమ్మి, దాన్ని కొలవడానికి వైద్యం చదివి, యేనాలో ఏళ్లకేళ్లు రహస్యంగా ప్రయోగాలు చేశాడు. 1924లో మనిషి తల మీంచి విద్యుత్ తరంగాలను మొదటిసారి నమోదు చేశాడు. 5 ఏళ్లు తటపటాయించి 1929లో గానీ ప్రచురించలేదు. అక్కకు కబురు చేర్చిన శక్తి అతనికి దొరకలేదు. దొరికింది ఈఈజీ. ఈరోజు ఫిట్స్ వచ్చిన పిల్లవాడికి తల నిండా తీగలు అంటించి తీసే పరీక్ష అదే.

ఆ తరంగాలతో కంప్యూటర్‌ను నడపొచ్చునా అని అడిగినవాడు లాస్ ఏంజెలిస్‌లోని జాక్ విడాల్. మెదడు–కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అనే మాట 1973లో అతను రాసిన వ్యాసం నుంచే వాడుకలోకి వచ్చింది. కొన్నేళ్లకు తెర మీద చిక్కుదారిలో ఒక గుర్తును మెదడు తరంగాలతో నడిపించి చూపాడు. మాట్లాడలేని మనిషి దాకా మాత్రం అది రాలేదు.

ఆ వైపు మొదటి అడుగు పడింది 1988లో. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫార్వెల్, డాన్‌చిన్ అనే ఇద్దరు, మెదడుకున్న ఒక పాత అలవాటును వాడుకున్నారు. మార్కాపురం బస్టాండులో కండక్టర్లు తర్లుపాడు, దోర్నాల, కొనకనమిట్ల అని అరుస్తూనే ఉంటారు. మనకవి పట్టవు. మన ఊరి పేరు వినపడగానే తల తిరుగుతుంది. ఎదురుచూస్తున్నది తగిలిన సుమారు మూడో వంతు సెకనుకు ఈఈజీలో ఒక చిన్న ఎత్తు లేస్తుందని 1965 నుంచే తెలుసు. దాని పేరు పీ300. వీళ్లు 6 అడ్డు వరుసలు, 6 నిలువు వరుసలతో 36 గళ్ల పట్టీ గీసి, అక్షరాలు నింపి, వరుసలను ఒకటొకటిగా వెలిగించారు. మనసులో అనుకున్న అక్షరం ఉన్న వరుస వెలిగినప్పుడు ఆ ఎత్తు లేస్తుంది. అడ్డూ నిలువూ కలిసిన గడే ఆ అక్షరం. వేగం నిమిషానికి 2.3 అక్షరాలు.

ఆ పీ300నే తర్వాత హైదరాబాదు కుర్రాడొకడు మరో పనికి పెట్టాడు. రాజేశ్ పి. ఎన్. రావు కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో 1988 వరకు చదివి, టెక్సాస్‌కు వెళ్లి, ఇప్పుడు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. తలకు టోపీ పెట్టుకున్న మనిషి ఫలానా వస్తువు తీసుకురా అని మనసులో అనుకుంటే మరబొమ్మ వెళ్లి తెచ్చే ఏర్పాటు ఆయన బృందానిది. 2013 ఆగస్టులో ఆయనే టోపీ పెట్టుకుని కూర్చుని, వీడియో గేమ్‌లో ఫిరంగి పేల్చడానికి చేయి కదిపినట్టు ఊహించుకుంటే, క్యాంపస్ రెండో మూల కూర్చున్న సహోద్యోగి ఆండ్రియా స్టొకో చేయి దానంతట అది కదిలి మీట నొక్కింది. బెర్గర్ బతికుంటే ఆ ఒక్కరోజుకు తృప్తిపడేవాడేమో. ఈ రంగంలో విద్యార్థులు చదివే పాఠ్యపుస్తకాల్లో ఒకటి రావు రాసిందే.

అసలు రోగి దగ్గరికి వెళ్లినవాడు జర్మనీలోని ట్యూబింగెన్‌కు చెందిన నీల్స్ బిర్‌బావ్‌మర్. దాదాపు పూర్తిగా కదలిక పోయిన ఇద్దరు ఏఎల్ఎస్ రోగులు, తమ మెదడులోని నెమ్మది తరంగాన్ని కావాలని పైకీ కిందికీ నడపడం నెలల తరబడి నేర్చుకుని, అక్షరాల గుంపును సగాలుగా చీల్చుకుంటూ ఒక్కొక్క అక్షరం ఏరుకున్నారు. వాళ్ల రాత 1999లో నేచర్ పత్రికలో అచ్చయింది. కదలని మనిషి మెదడుతో రాసిన ఉత్తరం లోకమంతా చూసింది. అదే బిర్‌బావ్‌మర్ బృందం, కళ్లు కూడా కదలని రోగులు అవును, కాదు చెప్పగలుగుతున్నారని 2017లో రాసిన పేపర్‌ను పత్రిక 2019లో వెనక్కి తీసుకుంది. లెక్కల్లో లోపాలున్నాయని జర్మన్ పరిశోధన మండలి విచారణలో తేలింది. ఆశ ఎక్కువగా ఉన్నచోట కొలత గట్టిగా ఉండాలి. కదలని మనిషి పేరుతో మనమే మాట్లాడేసే ప్రమాదం ఈ రంగంలో ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చిన దారిని ఒకసారి వెనక్కి చూడండి. పట్టీ, గళ్లు, సగాలు. అందరూ మెదడును అక్షరం అడిగారు. ఇదే జబ్బున్న శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌దీ అక్షరాల దారే. 1985లో జెనీవాలో జబ్బుపడి, కేంబ్రిడ్జిలో గొంతుకు రంధ్రం పెట్టాక ఆయన మొదట చేసింది, ఎవరో అక్షరాల అట్ట చూపిస్తుంటే సరైనదాని దగ్గర కనుబొమ ఎగరేయడం. తర్వాత కాలిఫోర్నియా నుంచి వాల్ట్ వోల్టోజ్, ఏఎల్ఎస్ వచ్చిన తన అత్తగారి కోసం రాసిన ప్రోగ్రాము పంపాడు. చేతి మీటతో, చేయి పడిపోయాక చెంప కదలికతో హాకింగ్ పదాలు ఏరుకునేవాడు. మాటను అక్షరాలుగా విడగొట్టి మళ్లీ కూర్చడం చదువుకున్నవాడి పద్ధతి. మెదడు అలా మాట్లాడదు. పలక పట్టని మనిషి కూడా గలగలా మాట్లాడతాడు కదా.

పలక అన్నాను కాబట్టి మార్కాపురం సంగతి. నేల పొరల్లోంచి ఊడదీసిన నల్లరాతికి కర్రచట్రం బిగించి ఈ ఊరు ఎన్ని తరాలకు అక్షరాలు దిద్దించిందో! ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ వ్యాపారం తగ్గి, అదే రాయి ఇప్పుడు గోడలకూ నేలకూ పరిచే బండలుగా పోతోంది. ఆ పలక మీద పిల్లవాడు దిద్దే వరుస చూడండి. క వరుస గొంతు దగ్గర పుడుతుంది. చ వరుస అంగిలి దగ్గర, ట వరుస నాలుక కొన వెనక్కి మడిస్తే, త వరుస పళ్లకు నాలుక తగిలితే, ప వరుస పెదవులు కలిస్తే. ప్రతి వరుస చివరా గాలి ముక్కులోంచి పోయే అక్షరం. ఈ 25 గళ్ల పట్టీ నోటి పటమే. ఇంగ్లిషు ఏ తర్వాత బీ ఎందుకొచ్చిందో నోటినడిగితే చెప్పలేదు. ఇంతమాత్రానికి అంతా మనవాళ్లు ముందే కనిపెట్టేశారనే సభావక్తల దారి పట్టనక్కర్లేదు. వేదాల ఉచ్చారణ సూత్రాలైన ప్రాతిశాఖ్యలు రాసినవాళ్లకు నోరు తెలుసు, మెదడు తెలియదు. ఆ రెంటినీ వివరంగా కలిపి చూసే పని 2013లో జరిగింది.

ఆ పని శాన్ ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ అనే మెదడు శస్త్రవైద్యుడి దగ్గర జరిగింది. ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో కనిపెట్టడానికి కొందరు రోగుల పుర్రె తెరిచి మెదడు పైన ఎలక్ట్రోడ్ల పలుచని రేకు పరుస్తారు. దాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచుతారు. ఆ రోజుల్లో వాళ్ల అనుమతితో చాంగ్ బృందం చిన్న చిన్న అక్షరాలు పలికించింది. 19 హల్లులు, ఒక్కొక్కదానికి ఆ, ఈ, ఊ. మన గుణింతంలో ముక్క అనుకోండి. మాట పలికించే మెదడు పట్టీ మీద పెదవులకొక చోటు, దవడకొక చోటు, నాలుకకొకటి, స్వరపేటికకొకటి కనిపించాయి. ఆ సంకేతాలను గుంపులుగా విడదీస్తే పెదవులతో పలికేవి ఒక దిక్కు, నాలుక ముందుభాగంతో పలికేవి ఒక దిక్కు, నాలుక వెనకభాగంతో పలికేవి ఒక దిక్కు చేరాయి. ప అక్షరమనే గుర్తు అక్కడ లేదు. పెదవులు కలపమనే ఆజ్ఞ ఉంది.

ఈ పటం చేతికొచ్చాక దాన్ని గొంతుగా మార్చడానికి మాటను యంత్రంతో పుట్టించడం తెలిసినవాడు కావాలి. ఆ వచ్చినవాడు గోపాలకృష్ణ అనుమంచిపల్లి. అతని చదువు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో. 2005లో ఆ సంస్థ తెలుగు, తమిళం, మరాఠీ మాట్లాడేవాళ్లు 560 మంది గొంతులను ల్యాండ్‌లైన్ మీదా సెల్‌ఫోన్ మీదా రికార్డు చేసి కంప్యూటర్‌కు మన భాషలు వినడం నేర్పే నిధి ఒకటి కూర్చింది. దాని గురించి రాసిన పేపర్ మీద మొదటి పేరు ఇతనిదే. ఫోన్లో ఒకరి ‘త’కూ ఇంకొకరి ‘త’కూ ఎంత తేడా ఉంటుందో, అయినా రెండూ ‘త’ ఎలా అవుతాయో, ఈ పనిలో చేతులు పెట్టినవాడికి తెలుస్తుంది. తర్వాత కార్నెగీ మెలన్, లిస్బన్ విశ్వవిద్యాలయాల్లో మాటలోని రాగం, ఊనిక మీద డాక్టరేట్ చేసి చాంగ్ ప్రయోగశాలకు వెళ్లాడు.

2019 ఏప్రిల్‌లో నేచర్‌లో వచ్చిన వాళ్ల పేపర్ ఈ కథలో అసలు మలుపని నా లెక్క. అప్పటిదాకా మెదడు సంకేతం నుంచి నేరుగా శబ్దాన్ని లాగాలని చూశారు, శబ్దం బురదగా వచ్చింది. అనుమంచిపల్లి, జాష్ షార్టియే మధ్యలో ఒక మెట్టు పెట్టారు. మొదటి యంత్రం మెదడు సంకేతం చూసి నాలుక ఎటు లేచింది, దవడ ఎంత తెరుచుకుంది, పెదవులు ఎంత కలిశాయి అన్నది లెక్కగడుతుంది. రెండో యంత్రం ఆ కదలికలు చూసి శబ్దం పుట్టిస్తుంది. అంటే కంప్యూటర్ లోపల ఒక బొమ్మ నోరు తయారైంది. ఫిట్స్ చికిత్సకు వచ్చిన 5 మంది వందల వాక్యాలు చదివారు. పుట్టిన శబ్దాన్ని బయటివాళ్లకు వినిపించి, 25 పదాల జాబితా చేతికిచ్చి ఏం విన్నారో రాయమంటే 69 శాతం పదాలు సరిగ్గా రాశారు. 50 పదాలిస్తే 47 శాతం. గొప్ప అంకెలేం కాదు. కానీ ఒకరిని శబ్దం చేయకుండా ఊరికే నోరు కదపమన్నప్పుడు కూడా యంత్రం మాట్లాడింది. మూగగా ఆడిన నోటికి శబ్దం వచ్చిందన్నమాట.

వాళ్లందరికీ నోరు బాగానే ఉంది. నోరే పడిపోయినవాళ్లలో ఆ ఆజ్ఞ ఇంకా మిగిలుంటుందా? మోటార్ న్యూరాన్ జబ్బులో ఈ ప్రశ్న మరీ పదునైనది, ఎందుకంటే ఆజ్ఞ ఇచ్చే మెదడు కణాలు కూడా ఇందులో చస్తాయి. పక్షవాతం వచ్చినవాళ్లలో పనిచేసింది ఏఎల్ఎస్‌లో పనిచేస్తుందన్న హామీ లేదు.

జవాబు 2023 ఆగస్టు 23న వచ్చింది, ఒకే రోజు నేచర్‌లో రెండు పేపర్లుగా. ఒకటి చాంగ్, అప్పటికే బర్కిలీలో ప్రొఫెసరైన అనుమంచిపల్లి కలిసి చేసింది. ఆన్ జాన్సన్ అనే ఆవిడకు 2005లో, 30వ ఏట, మెదడు కాడలో రక్తనాళం దెబ్బతిని మాట పోయింది. 253 ఎలక్ట్రోడ్ల రేకుతో ఆమె నిమిషానికి 78 పదాలు పలికింది, తెర మీద ఒక బొమ్మ ముఖం ఆమె తరఫున మాట్లాడింది. గొంతు ఆమెదే. పెళ్లి వీడియోలో ఆమె మాట్లాడిన ముక్కలోంచి తయారుచేశారు. రెండోది స్టాన్‌ఫోర్డ్‌ది. అందులో ఉన్నావిడ పాట్ బెనెట్, ఏఎల్ఎస్ రోగి. ఆమెకు రేకు కాదు, మెదడు పైపొరలోకి దిగే సూదుల గుంపులు నాలుగు, ఒక్కోదానికి 64 ఎలక్ట్రోడ్లు. ఒక్కో గుంపూ చిన్న మాత్రంత కూడా ఉండదు. నిమిషానికి 62 పదాలు, 1,25,000 పదాల నిఘంటువు మీద వందకు 24 తప్పులు. అంతకుముందు ఎవరూ చేరని వేగం. ఆ పనిని నడిపించిన కృష్ణ షెనాయ్ ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశాడు, అచ్చులో చూసుకోలేదు.

స్టాన్‌ఫోర్డ్ పేపర్లో నాకు అన్నిటికంటే రుచించిన వాక్యం ఓటమిది. నాలుగు గుంపుల్లో రెంటిని వాళ్లు బ్రోకా ప్రాంతంలో పెట్టారు. నూట యాభై ఏళ్లుగా వైద్య పుస్తకాలు మాటకు పుట్టిల్లని చెప్పే చోటు అది. అక్కడి నుంచి దాదాపు ఏమీ రాలేదు. పనికొచ్చినవి నోటిని కదిలించే ప్రాంతంలో పెట్టిన రెండే. మాట ఎక్కడ పుడుతుందో తర్వాత సంగతి, పట్టుకోగలిగేది అది కదలికగా మారే చోటనే.

ఆ పాఠాన్ని కాలిఫోర్నియాలోని డేవిస్ బృందం వృథా చేయలేదు. 2023 జులైలో కేసీ హారెల్ అనే ఏఎల్ఎస్ రోగికి 256 ఎలక్ట్రోడ్లనూ నోటి కదలికల పట్టీలోనే దించారు. మొదటిరోజే అరగంట శిక్షణతో 50 పదాలు 99.6 శాతం సరిగ్గా వచ్చాయి. తర్వాత 1,25,000 పదాలతో 97.5 శాతం. ఈ లెక్కలు 2024 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. జబ్బు రాకముందు రికార్డయిన అతని గొంతుతోనే కంప్యూటర్ మాట్లాడింది. మొదటిసారి తను చెప్పాలనుకున్న పదాలు తెర మీద పడ్డప్పుడు అతను ఏడ్చాడు, చుట్టూ ఉన్నవాళ్లూ ఏడ్చారు.

ఇంకా ఒక లోటుంది. వాక్యం పూర్తయ్యాక గానీ శబ్దం రాకపోతే అది సంభాషణ కాదు. మధ్యలో అడ్డురాలేం, ‘ఆఁ’ అనలేం, వెటకారం చేయలేం. ఆన్ వాక్యం బయటికి రావడానికి 8 సెకన్ల దాకా పట్టేది. 2025లో అనుమంచిపల్లి, చాంగ్ బృందాలు సంకేతాన్ని 80 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుంటూ, ఆమె మాట మొదలుపెట్టిన సెకను లోపే గొంతు వినిపించేలా చేశాయి. అదే ఏడాది జూన్‌లో డేవిస్‌లోని మైత్రేయి వైరాగ్‌కర్, హారెల్ సంకేతం నుంచి నిఘంటువు తోడు లేకుండా నేరుగా శబ్దం తీసింది. ప్రశ్న అడిగితే గొంతు చివర పైకి లేచింది. చిన్న రాగాలు పాడాడు. విన్నవాళ్లకు సుమారు 60 శాతం పదాలు అర్థమయ్యాయి. యంత్రం లేకుండా అతని నోటి నుంచి వచ్చేదానిలో అర్థమైంది 4 శాతం.

మనసులో ఉన్నదంతా యంత్రం చదివేస్తుందా అని అడిగేవాళ్లుంటారు. ఇది పట్టేది పలకాలనే ప్రయత్నాన్ని. పెదవి కదపకుండా మనసులో అనుకునే మాట ఆనవాలు కూడా ఆ ప్రాంతంలో ఉంటుందని, అయితే బలహీనంగా ఉంటుందని 2025 ఆగస్టులో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు చూపారు. చూపి ఊరుకోకుండా దానికొక తాళం పెట్టారు. ముందుగా అనుకున్న ఒక వింత మాటను మనసులో అంటే తప్ప యంత్రం వినడం మొదలుపెట్టదు.

ఇవన్నీ పరిశోధన కింద, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే మనుషుల మీద జరిగినవి. పుర్రెకు రంధ్రం, తల మీద ప్లగ్గు, పక్కన ఇంజనీరు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 2015లో పూర్తిగా శరీరం లోపలే ఉండే పరికరం పెట్టించుకున్న ఏఎల్ఎస్ రోగి హానెకె డి బ్రుయినె దాన్ని ఇంట్లో 7 ఏళ్లు వాడింది, నిమిషానికి సుమారు 2 అక్షరాల వేగంతో. చివరికి జబ్బు మెదడునే కుంచించడంతో సంకేతం సన్నగిల్లింది. ఆజ్ఞ ఇచ్చే కణాలే చస్తే ఎలా అన్న సందేహం ఊహలోది కాదని అప్పుడు తేలింది.

తెలుగుకు ఇది ఎలా వస్తుందన్న దానికి నాకు ఆశ ఒకటి, చిక్కు ఒకటి కనిపిస్తున్నాయి. ఆశ నోటి వైపు నుంచి. చాంగ్ ప్రయోగశాలలో స్పానిష్, ఇంగ్లిషు రెండూ తెలిసిన రోగి ఒకరిలో రెండు భాషలకూ మెదడు వాడేది చాలామటుకు ఒకే కదలికలని 2024లో తేలింది. ఒక భాషలో నేర్చిన యంత్రం రెండోదాన్ని త్వరగా నేర్చుకుంది. నాలుక పళ్లకు తగలడానికి భాషాభేదం లేదు. పైగా మన రాత పలుకుకు దగ్గర. చిక్కు నిఘంటువు వైపు నుంచి. 1,25,000 పదాలుంటే ఇంగ్లిషుకు సరిపోతాయి. ‘లేవలేకపోతున్నాననుకుంటున్నారేమో’ అనే ఒక్క పదం లాంటివి మనకు ఏ నిఘంటువులో పడతాయి? అతుకుల దగ్గర విరిచి అర్థం చేసుకునే భాషా నమూనా కావాలి, దానికి మనుషులు మాట్లాడిన తెలుగు గుట్టలుగా కావాలి. అచ్చు తెలుగు చాలదు. యర్రగొండపాలెంలో మాట్లాడే తెలుగూ ఉండాలి అందులో, లేకపోతే రోగి ‘యాడికి’ అంటే యంత్రం ‘ఎక్కడికి’ అని దిద్దుతుంది. జబ్బు తీసుకున్నది చాలక యాస కూడా పోవాలా?

అంతవరకు చేయగలిగినవి రెండున్నాయి, రెంటికీ పెద్ద ఖర్చు లేదు. మొదటిది అట్ట. ఇంగ్లిషు అట్టను తెలుగులోకి దింపి, 56 అక్షరాలనూ వరసగా చదివి విసిగించొద్దు. అయిదైదు హల్లుల అయిదు వరుసలు, అచ్చులకు ఒకటి, య నుంచి మిగిలినవాటికి ఒకటి రాసుకోండి. ‘క వరుసా? చ వరుసా?’ అని అడగండి, కళ్లు పైకి లేస్తే అవును. వరుస దొరికాక లోపలి అక్షరం. గుణింతం ప్రతిసారీ అడగక్కర్లేదు, రెండు హల్లులు దొరికితే చాలామటుకు ఇంట్లోవాళ్లకే పదం తడుతుంది. తట్టినా తొందరపడి వాక్యం మీరే పూర్తిచేయకండి, ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి.

రెండోది గొంతు. ఆన్‌కు పెళ్లి వీడియో, హారెల్‌కు పాత రికార్డింగులు ఉన్నాయి కాబట్టి వాళ్ల గొంతు వాళ్లకు తిరిగొచ్చింది. మన పెళ్లి వీడియోల్లో బ్యాండుమేళం తప్ప మాట వినపడదు. జబ్బు పేరు తెలిసిన వారంలోనే, నాలుక ఇంకా తిరుగుతున్నప్పుడే, తలుపులేసి ఫ్యాను ఆపి ఫోన్లో రికార్డు చేయండి. పేపరు చదివించండి, మాట్లాడించండి. మనవరాలిని పిలిచే ముద్దుపేరు, పాలేరు మీద కేక, అల్లుడితో వేళాకోళం, బూతులు వచ్చినవాళ్లయితే అవి కూడా. వాట్సాప్‌లో పంపిన పాత వాయిస్ మెసేజ్‌లు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో అడిగి తెచ్చి ఒకచోట దాచండి. ఫోను నిండిపోయిందని ముందుగా తుడిచేసేవి అవే.